దేవుడి కంబళి

ఆదివారమైతే చాలు, లేపాక్షి చూసి తిరిగి పోయే బెంగుళూరు కార్లు మా ఊరి మలుపులో ఆగుతాయి. ఇక్కడ ఉగ్గాని బాగుంటుందని ఎవరో ఫోన్లో వీడియో పెట్టారట. ఆ ఉగ్గాని నాదే. బస్టాండు వెనక రేకుల కొట్టు, రెండు బల్లలు, ఒక బాండలి. బొరుగులు నీళ్ళలో ముంచి గట్టిగా పిండేసి, ఉల్లిగడ్డ పచ్చిమిరప తాలింపులో వేసి, పప్పుల పొడి చల్లి తిప్పితే అయిపోయే పని. దానికే వాళ్ళు కళ్ళు మూసుకుని తలలూపుతారు. పక్కన మిరపకాయ బజ్జీ పెడితే కొరికి కన్నీళ్ళు పెట్టుకుంటారు. "మీ చేతిలో ఏదో ఉందక్కా" అని మెచ్చుకుంటారు. ఉంది నాయనా, ఉంది. కానీ అది ఉగ్గానిలో చూపించుకునేది కాదు. అదేమిటో నలుగురిలో చెప్పవలసినవాడు మా నాయన. ఇదంతా ఆ సంగతే. ఎవరి పేర్లూ రాయను. రాస్తే కొట్లాటకు వస్తారు, రాయకపోయినా మా ఊరివాళ్ళు పోల్చుకుంటారు.

మాది కంబళ్ళు నేసే ఇల్లు. గొర్రె బొచ్చుతో నేసే నల్ల కంబళి. కాపరులు వానకు తలమీద కప్పుకునేదీ, చలికి ఒంటికి చుట్టుకునేదీ, మధ్యాహ్నం చెట్టుకింద పరుచుకునేదీ అదొక్కటే. మా తాత కాలంలో గుంతకల్లు దాకా నెత్తిన మోసుకుపోయి, రైల్వే గేట్ల దగ్గర కాపలా ఉండేవాళ్ళకు అమ్మేవారట. ఇప్పుడు అట్లా కొనేవాళ్ళూ లేరు, బొచ్చు ఇచ్చే గొర్రెలూ లేవు. మాంసానికి ధర వచ్చాక కాపరులంతా నల్ల గొర్రెల్ని వదిలేసి బొచ్చులేని ఎత్తు గొర్రెల్ని తోలుకొచ్చారు. గొర్రెల్ని నమ్ముకున్న కులమే గొర్రె బొచ్చును వదిలేసింది. మాకు బొచ్చు కావాలంటే కర్ణాటక అంచు ఊళ్ళకు పోయి సంచుల్లో కుక్కుకుని తెచ్చుకోవాలి.

కంబళి నేయడమంటే అందరికీ మగ్గం ముందు కూర్చున్న మగవాడే కనపడతాడు. ఆ మగవాడి చేతికి దారం వచ్చేలోపల ఏం జరిగిందో ఎవడూ అడగడు. బొచ్చు కడిగేది ఆడది. దాంట్లోని పల్లేరుకాయలూ పేడా పుల్లలూ ఏరేది ఆడది. ఏకేది, రాట్నం ముందు కూర్చుని వడికేది ఆడది. చింతగింజలు వేయించి, పొట్టు తీసి, నానబెట్టి, రుబ్బి, గంజి కాచి, వీధిలో బారుగా కట్టిన పడుగు దారాలకు ఎండలో నిలబడి పట్టించేది ఆడది. ఆ గంజి కంపు తలకు పోసుకున్నా పోదు. అంతా అయ్యాక మగ్గం గుంతలో కాళ్ళు పెట్టి కూర్చుని పేక దారం చుట్టిన నాడె విసిరేది మాత్రం మగవాడు. ఆడది గుంతలోకి దిగకూడదు. దిగితే మగ్గానికి మైల. ఎందుకు మైల అని చిన్నప్పుడు మా అవ్వను అడిగాను. "అట్లాంటివి అడగగూడదు" అంది. మా ఇంట్లో దాన్నే జవాబు అంటారు.

నేను పెళ్ళయిన కొన్నేళ్ళకే పుట్టింటికి తిరిగొచ్చిన మనిషిని. ఎందుకొచ్చానన్నది వేరే కథ, దాంతో ఇక్కడ పని లేదు. నేను వచ్చేసరికి అమ్మ లేదు. నాయనకు చక్కెర జబ్బు. తమ్ముడు పెళ్ళాంతో వేరే వీధిలో కాపురం పెట్టాడు. రాప్తాడు దగ్గర హైవే పక్కన ప్లాట్లు చూపించే పని వాడిది. ఇస్త్రీ చొక్కా, చేతికి పెద్ద వాచీ. మగ్గం గుంతలో కాసేపు కూర్చుంటే వాడికి కాళ్ళు తిమ్మిర్లెక్కుతాయి. వాడు చెడ్డవాడని నేననను. ఎటు తోస్తే అటు పోయే రకం, అంతే.

నేను పొద్దున ఉగ్గాని కొట్టు చూసుకుని, మధ్యాహ్నం ఇంటికొచ్చి నాయన పక్కన రాట్నం తిప్పేదాన్ని. ఆయన చూపు తగ్గడం మొదట నాకే తెలిసింది. దారం తెగితే కొస దొరక్క తడుముకునేవాడు. నాడె చేజారి గుంతలో పడితే నేను వంగి తీసిచ్చేదాన్ని. ఒకరోజు పడుగులో వరసగా దారాలు తప్పి కంబళి అడ్డంగా పాడైంది. నాయన పేక కొట్టే బద్దను అవతల పారేసి, గుంతలోంచి లేచి, పెరట్లోకి పోయి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఆయన ఏడవడం నేను అంతకుముందు అమ్మ పోయినప్పుడే చూశాను.

సగం నేసిన కంబళి అట్లా మగ్గం మీద ఉంటే నాకు కూర్చోబుద్ధి కాలేదు. తప్పిన వరసలు విప్పాను. గుంతలోకి దిగాను. భయమేసిందా అంటే వేసింది. కానీ ఇన్నేళ్ళు పక్కన కూర్చుని చూసిన పని, చేతికి రావడానికి ఎంతసేపు? బద్ద చప్పుడు విని నాయన గుమ్మం దాకా వచ్చాడు. నేను ఆపలేదు. తిడతాడనుకున్నాను, తన్నినా తంతాడనుకున్నాను. చాలాసేపు నిలబడి విన్నాడు.

"పేక వదులుగా ఉండాది పాపా," అన్నాడు చివరికి. "ఇంకా గట్టిగా కొట్టు."

ఆ మాటకు నాకు కలిగిన సంతోషం పెళ్ళినాడు కూడా కలగలేదు.

అప్పటినుంచి మా ఇంట్లో ఒక ఏర్పాటు మొదలైంది. వీధి తలుపు మూసి నేను లోపల నేసేదాన్ని. నాయన బయట అరుగు మీద కూర్చునేవాడు. ఎవరైనా వస్తే దగ్గేవాడు. దగ్గు వినగానే నేను గుంతలోంచి లేచి రాట్నం ముందుకు దూకేదాన్ని. నాయన తలుపు తోసుకుని లోపలికొచ్చి, "రాండప్పా, ఇప్పుడే నేస్తా నేస్తా లేచినా" అంటూ గుంతలో కూర్చునేవాడు. పాపం ఆయనకు నిజంగా జలుబు చేసినప్పుడు ఏది ఏ దగ్గో తెలియక నేను పొద్దంతా ఎక్కుతూ దిగుతూ సచ్చాను. అప్పుడు ఇద్దరం నవ్వుకున్నాం కూడా. దొంగతనంలో తోడున్నవాళ్ళు నవ్వుకున్నట్టే.

నేర్పడం మాత్రం ఆయన బాగా నేర్పాడు. ఆ రుణం లేదనను. అయిపోయిన ప్రతి కంబళినీ ఒళ్ళో వేసుకుని అరచేత్తో నిమిరి, ఎక్కడ చెయ్యి తొందరపడిందో, ఎక్కడ మనసు వేరేచోట ఉందో చెప్పేవాడు. కొన్నాళ్ళకు చెప్పడానికి ఏమీ మిగల్లేదు. ఒక కంబళిని ఈ అంచు నుంచి ఆ అంచు దాకా తడిమి, మడిచి, పక్కన పెట్టి, "ఇది నేను నేసినదాని కంటే బాగుండాది" అన్నాడు. ఇంట్లో నేనూ ఆయనా తప్ప ఎవరూ లేరు. ఆయన మెచ్చుకున్నది గోడలకు వినపడింది.

"ఎన్నాళ్ళు నాయనా ఇట్ల తలుపు మూసుకుని?" అని అడిగాను ఆ రోజే.

"టైము రానీ పాపా. నలుగుర్లో నేనే చెప్తా. నా నోట్తో చెప్తా."

నాకు కావలసింది అదొక్కటే. పెద్ద ఆశ కాదు. దుడ్లూ కాదు, పేపర్లో ఫోటో కాదు. నలుగురు మనుషులు నిలబడి ఉన్నచోట మా నాయన "ఇది నా కూతురు నేసింది" అనాలి. ఆ మాట కోసం ఎండాకాలంలో తలుపు మూసిన గదిలో, బొచ్చు ముక్కుల్లోకి పోతుంటే, చెమటలు కారుతూ నేశాను. ఊళ్ళోవాళ్ళు నాయన్ని పొగిడినప్పుడల్లా సొమ్మొకడిది సోకొకడిది అనుకునేదాన్ని. అనుకుని, సొమ్మూ సోకూ రెండూ ఒకే ఇంట్లోనే ఉన్నాయి కదా అని సర్దుకునేదాన్ని.

బెంగుళూరు నుంచి కూడా అప్పుడప్పుడు కొనడానికి వచ్చేవాళ్ళు. గోడకు తగిలించుకోవడానికట. వెంట్రుకలు రాలకుండా, వాసన లేకుండా నేయమని అడిగేవాళ్ళు. కంబళిలో కూర్చుని అన్నం తింటూ వెంట్రుకలు ఏరుకుంటామంటే ఎట్లా? నాయన మాత్రం వాళ్ళతో ఓపిగ్గా మాట్లాడేవాడు. అట్లా వచ్చినవాళ్ళ వల్లే ఆయన పేరు నాలుగు ఊళ్ళు పాకింది.

అప్పుడు మా ఊళ్ళో ఒక మేళా పెట్టారు. మార్కెట్ యార్డులో షామియానాలు వేసి, చేతిపనులు ఒకవైపు, మన వంటలు ఒకవైపు. ఫ్లెక్సీ మీద మా నాయన బొమ్మ. ఆయనకు సన్మానం చేస్తామని, స్టేజీ వెనక పెద్ద కంబళి కడతామని ఇంటికొచ్చి చెప్పి పోయారు. పోతూ పోతూ నావైపు తిరిగి, "నువ్వు సంగటి బాగా చేస్తావంట కదమ్మా, వంటల్లో ఒక స్టాలు పెట్టుకో" అన్నారు. సరేనన్నాను. స్టేజీ వెనక కట్టింది నేను నేసిన కంబళే. నేసినవాటిలోకెల్లా మంచిది ఏరి, నేనే మడిచి ఇచ్చాను.

ఆ పొద్దున నాయన్ని చెయ్యి పట్టుకుని నడిపించుకుపోయాను. నా పొయ్యి ఎక్కడో, స్టేజీ ఎక్కడో ఆయనకు చెప్పాను. "నలుగురూ ఉంటారు నాయనా ఈ పొద్దు," అన్నాను. "ఊ, తెలుసులే పాపా," అన్నాడు. ఆ ఊ అనడం నాకు బాగా వినపడింది. నేను కొత్త చీర కట్టుకున్నాను. పొయ్యి ముందు కొత్త చీర ఏమిటక్కా అని పక్క స్టాల్లో ఓళిగలు కాల్చే ఆమె అడిగితే నవ్వి ఊరుకున్నాను.

నూకలు ఉడికిన ఎసట్లో రాగి పిండి పోసి, మూత పెట్టి, ఉమ్మగిలాక తెడ్డుతో కలపాలి. సంగటి కలిపేటప్పుడు మధ్యలో చెయ్యి ఆగకూడదు. ఆగితే గడ్డ కడుతుంది. నేను కలుపుతుండగానే మైకులో నాయన్ని పిలిచారు. ఏదో ఆఫీసు నుంచి వచ్చినాయన ఆయన భుజాన శాలువా కప్పాడు. మిల్లు శాలువా. కంబళి నేసే మనిషికి మిల్లు శాలువా కప్పడం మా ఊళ్ళోనే చూడాలి.

"పెద్దాయనా, చూపు ఇంత తక్కువ ఉన్నా ఇంత మంచి పని ఎట్లా చేస్తున్నారు?" అని మైకు పట్టుకున్నాయన అడిగాడు.

"అలవాటప్పా. చేతికి తెలుస్తాది."

ఏ చేతికి, అనుకున్నాను తెడ్డు తిప్పుతూ.

"మీ తర్వాత ఈ విద్య పోవలసిందేనా? ఇంట్లో ఎవరికైనా నేర్పినారా?"

నేను చెయ్యి ఆపేశాను. నాయన మైకు పట్టుకుని తల నా పొయ్యి వైపు తిప్పాడు. చూపు ఆనకపోయినా నేనెక్కడున్నానో ఆయనకు తెలుసు. జనం మాటలు ఆపి వింటున్నారు. తల మీద కొంగు సర్దుకున్నాను, పిలిస్తే పోవడానికి. చెంపమీద పిండి అంటిందేమోనని తుడుచుకున్నాను.

"నేర్పినానప్పా," అన్నాడు నాయన. "మా వాడుండాడు. నా కొడుకు. వానికంతా వస్తాది."

తమ్ముణ్ణి వెతికి పట్టుకొచ్చారు. వాడు అవతల బండ్లు పెట్టేచోట ఎవరికో ప్లాటు కొలతలు చెబుతున్నాడు. ఏం జరుగుతోందో తెలియకుండానే స్టేజీ ఎక్కాడు. మెడలో దండ పడింది. చేతికి నాడె ఇచ్చి ఫోటో తీశారు. వాడు దాన్ని తలకిందులుగా పట్టుకున్నాడు. చప్పట్లు కొట్టినవాళ్ళలో ఒక్కడికి కూడా అది తెలియలేదు. నాయనకు కనపడదు. తెలిసినదాన్ని నేనొక్కదాన్నే, తెడ్డు పట్టుకుని నిలబడ్డాను.

"ఏమక్కా, సంగట్లో గడ్డలుండాయే," అన్నాడు ముద్ద పెట్టించుకున్న ఒకాయన.

"ఉంటాయి. మింగు," అన్నాను.

మరునాడు పేపర్లో 'తండ్రి బాటలో తనయుడు' అని వేశారు. తమ్ముడు ఆ పేపరు పట్టుకుని ఇంటికొచ్చాడు. నా ముఖం చూసి అరుగు మీదే ఆగిపోయాడు. "నేనేం చేసేదక్కా, పిలిచిరి, పోతిని," అన్నాడు. వాడితో నాకేం తగాదా? వాణ్ణి పంపించి, తలుపు వేసి, నాయన ముందు కూర్చున్నాను.

"నీ కొడుక్కి ఎప్పుడు నేర్పినావు నాయనా? నాకు తెలీకుండా నేర్పినావా?"

"గమ్మునుండు పాపా."

"ఎందుకుండేది గమ్మున? ఈ ఇంట్లో నేసేది ఎవురు?"

"నువ్వే."

"మరి ఆ మాట ఆడ చెప్పేకి నోరు రాలేదా?"

నాయన ఒళ్ళోని శాలువా కొస పీకాడు. "చెప్తే దేవుని కంబళి పోతాది," అన్నాడు.

మా కులదేవుడి గుడిలో ఒక ఆచారముంది. ఏటా జాతరకు దేవుడి గద్దె మీద కొత్త కంబళి పరచాలి. అది ఇచ్చే హక్కు మా ఇంటిది. దాన్ని మగవాడే నేయాలి. నేసినన్నాళ్ళూ స్నానం చేసి, ఒంటిపూట తిని, నిష్ఠగా నేయాలి. ఆడదాని చెయ్యి మగ్గానికి తగలకూడదు. ఇంటి ఆడది గుంతలోకి దిగిందని తెలిస్తే కుల పెద్దలు ఆ హక్కు తీసి ఇంకో ఇంటికిస్తారు. నాయనకు ఈ లోకంలో మిగిలిన మర్యాద అదొక్కటే. చేనుకు వాన లేదు, బోరులో నీళ్ళు లేవు, గొర్రెలు పోయాయి, చూపు పోయింది. ఏడాదికొకసారి పెద్దలంతా డప్పులతో మా గడపకు వచ్చి "దేవుని కంబళి ఇయ్యప్పా" అని అడుగుతారు. ఆ ఒక్క పూటకోసం ఆయన ఏడాదంతా బతికేవాడు. అది నాకు తెలియక కాదు.

"పోయినేడు దాకా ఎట్లనో నువ్వే నేస్తివి," అన్నాను. "ఈ యేడు ఎవురు నేస్తారు?"

శాలువా తీసి పక్కన పెట్టాడు.

"అది కూడా నేనే నేయాల్నా?"

"ఇంగెవురుండారు పాపా?" అన్నాడు.

ఆ గొంతు వింటే రాయి కరుగుతుంది. నేను కరిగాను. కానీ వట్టినే కరగలేదు, ఒక మాట తీసుకున్నాను. దేవుడి కంబళి సంగతి దేవుడికీ మనకూ మధ్యనే ఉండనీ, మిగతావన్నీ నేనే నేశానని మాత్రం జాతర అయ్యాక నలుగురిలో చెప్పాలి అన్నాను. నాయన నా చెయ్యి పట్టుకుని, "సరే, జాతర కానీ," అన్నాడు. నమ్మాను. నన్ను చెప్పుతో కొట్టాలి.

ఆ కంబళిని నేసినట్టు నేను ఇంకే కంబళినీ నేయలేదు. బొచ్చులో తెల్ల వెంట్రుక ఒక్కటి లేకుండా ఏరాను. తలస్నానం చేసి, ఒంటిపూట తిని నేశాను. నెలలో ఆ రోజులు వచ్చినప్పుడు మగ్గం ఉన్న గది గడప తొక్కలేదు, దేవుడంటే భయం నాకూ ఉంది. నాయన కూడా ఒంటిపూటే తిన్నాడు. నేసేది ఆయనే అని ఊరు చూస్తోంది కాబట్టి ఆయన పస్తు అరుగు మీద, అందరికీ కనపడేటట్టు. నా పస్తు తలుపు వెనక. పేక వేసినప్పుడల్లా దేవుడితో ఒకటే మాట చెప్పుకున్నాను: నేను ఆడదాన్నని నీకు తెలుసు, కోపముంటే నా మీద చూపించు, నాయన మీద వద్దు.

జాతరనాడు డప్పులొచ్చాయి. కంబళి తమ్ముడి నెత్తిన పెట్టారు. వెనక నాయన, ఆయన వెనక పెద్దలు, వాళ్ళ వెనక జనం, అందరి వెనక నైవేద్యం సంగటి గంప నెత్తిన పెట్టుకుని నేను. గుడిలో గద్దె మీద కంబళి పరిచారు. పిడికిళ్ళతో పసుపు చల్లారు. నల్లటి కంబళి మీద పసుపు పడుతుంటే నా ఒళ్ళు జలదరించింది. కుల పెద్ద ఒకాయన అంచు వేళ్ళ మధ్య పట్టి చూసి, "కండ్లు పోయినా చెయ్యి పోలేదప్పా నీది," అన్నాడు. నాయన రెండు చేతులూ ఎత్తి మొక్కి, "అంతా స్వామి దయ," అన్నాడు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. మా దేవుడు కోపగించుకోలేదు, వరమిచ్చినట్టే ఉన్నాడు. ఇక పూజారి వంతు.

గంప దించడానికి గద్దె దగ్గరికి పోయాను. పరచడం తెలియనివాళ్ళు పరిచారేమో, కంబళి ఒక మూల లోపలికి మడత పడి ఉంది. కొత్త గంజి మీద మడత పడి నలిగితే ఆ గీత ఇక జన్మలో పోదు. నేసేవాళ్ళు ఎవరూ దాన్ని చూసి ఊరుకోలేరు. గంప కింద పెట్టి, ఏమీ ఆలోచించకుండా, ఇంట్లో రోజూ చేసినట్టే వంగి ఆ మూలకు చెయ్యి చాపాను. నా గాజులు చప్పుడయ్యాయి.

ఆ గాజుల చప్పుడు నాయనకు తెలుసు. గద్దె పక్కనే ఉన్నాడు.

"తగలాకు," అన్నాడు. అందరికీ వినపడేటట్టు అన్నాడు. "దూరంగా నిలబడమ్మా. ఆడోళ్ళు తాకే కంబళి కాదది."

పాపా అనలేదు. అమ్మా అన్నాడు, దారిన పోయే మనిషిని అన్నట్టు. అందరూ నావైపు చూశారు. "కంబళ్ళు నేసే ఇంటి పిల్లవి, నీకు తెలీదామ్మా?" అన్నాడు కుల పెద్ద, మెల్లగానే. చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాను. మూడడుగులు వెనక్కి వేసి ఆడవాళ్ళలో కలిశాను. నాయన ముందుకు వంగి, తడుముకుంటూ ఆ మూలను పట్టుకుని, లోపలి మడత తీసి సరిచేశాడు. నా గాజులు ఎక్కడ చప్పుడయ్యాయో దాన్ని బట్టి మడత ఎక్కడుందో ఆయనకు తెలిసింది.

"చూడు చూడు, కండ్లు లేకపోయినా మడత ఎట్ల కనిపెట్టినాడో," అంది నా పక్కనున్న ముసలామె, కళ్ళు తుడుచుకుంటూ.

మరునాడు మధ్యాహ్నం నాయనకు సంగటీ, చెనిక్కాయలు నూరిన ఊరిబిండీ పెట్టి ఎదురుగా కూర్చున్నాను. జాతరలో అన్న మాట గురించి ఎత్తలేదు. అందరి ముందూ భయపడి అన్నాడని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నాకు రావలసింది ఇంకా ఉంది కదా.

"జాతర అయిపోయింది నాయనా," అన్నాను.

"ఊ."

"చెప్తానంటివే."

నాయన ముద్ద తుంచుతూ ఆగాడు. "ఇంగ యాడ చెప్పేది పాపా?" అన్నాడు, చిన్నపిల్లకు లెక్క చెప్పినట్టు. "ఇన్నాళ్ళూ నేసింది నువ్వేనని చెప్తే, మరి దేవుని కంబళి ఎవురు నేసినారని అడగరా? కండ్లు లేనోడు అన్నీ వదిలిపెట్టి అదొక్కటే నేసినాడంటే ఎవురన్నా నమ్ముతారా? గద్దె మీద పరిచింది మైల కంబళి అని తేల్తాది. నన్నేమంటారులే, ముసిలోన్ని. దేవునికి అపచారం చేసింది నువ్వయితావు. నిన్ను ఈ ఊర్లో బతకనిస్తారా?"

నాకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. ఆ కంబళి నేసేదాకా నాకు దారి ఉండేది. నేసిన రోజుతో అది మూసుకుపోయింది. మూసింది నా చేతులే. తెల్ల వెంట్రుక లేకుండా ఏరి, పస్తుండి, మొక్కుకుని మరీ మూసుకున్నాను.

"జాతర కానీ అన్న పొద్దే నీకిది తెలుసా నాయనా?"

ఆయన ముద్దను ఊరిబిండిలో అద్దుకుని నోట్లో వేసుకుని మింగాడు.

"ఉప్పు తక్కువైంది," అన్నాడు.

ఉప్పు డబ్బా తెచ్చి ఆయన ముందు పెట్టాను. లోపలికి పోయి తలుపు వేసుకుని గుంతలోకి దిగాను. అట్లా ఎట్లా దిగావు, సిగ్గు లేదా అని అడగండి. లేదు. నాకు వచ్చిన పని అది, నాకు ఇష్టమైన పని అది. వాళ్ళమీద కోపంతో దాన్ని కూడా వదులుకుంటే నాకు మిగిలేదేముంది, ఉగ్గాని తప్ప. ఆ తర్వాత నాయన బతికినన్నాళ్ళూ నేను ఆయనకు వేళకు అన్నం పెట్టాను, మందులిచ్చాను, కాళ్ళు కడిగాను. ఆ మాట మళ్ళీ అడగలేదు. ఆయనా ఎత్తలేదు. కంబళిని ఒళ్ళో వేసుకుని నిమిరి మెచ్చుకోబోతే మాత్రం లాక్కుని మడిచేసేదాన్ని. నాలుగు గోడల మధ్య మెచ్చుకోలు నాకక్కర్లేదు.

ఆయన పోయినప్పుడు చివరి కంబళి నేతగాడు పోయాడని పేపర్లో రాశారు, తండ్రి బాటలోని తనయుణ్ణి వాళ్ళే మర్చిపోయినట్టున్నారు. ఇప్పుడు డప్పులు తమ్ముడి గడపకు పోతాయి. జాతర దగ్గరపడుతుందనగా వాడు పెరటి తలుపు గుండా వచ్చి బొచ్చు సంచులు దించి, నా ముఖం చూడకుండా పోతాడు. నేను నేస్తాను. ఊరంతా ఆ గద్దె ముందు సాగిలపడుతుంది. ఆడవాళ్ళ వరసలో నిలబడి నేనూ సాగిలపడతాను.

ఇదంతా రాశావు కదా, చెప్పుకున్నట్టే కదా అని మీరనవచ్చు. చెప్పాను. నాకు కావలసింది మా నాయన నోటితో.